లూర్దమ్మ పద్ధతి

నాలుగేళ్ళు నిండకముందే నా పక్క నేనే చుట్టి మూల పెట్టేదాన్ని. నా మొహం నేనే కడుక్కునేదాన్ని. నా జుట్టు నేనే దువ్వుకుని పాపిట తీసుకునేదాన్ని. లంగా బొందు నేనే ముడేసుకునేదాన్ని, అదీ జారుముడి, ఒక్కసారి లాగితే ఊడొచ్చేది. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు ఈ సంగతి విని, "మీ అమ్మ ఎంత బాగా పెంచిందే!" అని మురిసిపోయింది. మా అమ్మకి ఇందులో ఏ పాపమూ తెలియదు. ఆవిడకి పొద్దున లేస్తే పేడకళ్ళు, పాలు పితకడం, పొలానికి అన్నాలు పంపడం, అంతే సరిపోయేది. నాకివన్నీ నేర్పింది లూర్దమ్మ. నేర్పినన్నాళ్ళూ ఆమె నన్ను ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఎందుకు ముట్టుకోలేదో చెప్పడానికే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. మా వాళ్ళకి కోపం వస్తుంది. రానీ.

మా ఊరు నందిగామ నుంచి చందర్లపాడు పోయే దారిలో ఉంటుంది. భూములున్న వాళ్ళ ఇళ్ళన్నీ ఒకచోట, అది ఊరు. చేలు దాటి, వాగు అవతల, అంటరానివాళ్ళని ఉంచిన చోటు పల్లె. పల్లెవాళ్ళు మా మిరప చేలల్లో, జొన్న చేలల్లో పని చేసేవాళ్ళు. మా వాకిట్లోకి వచ్చేవాళ్ళు, అరుగు మాత్రం ఎక్కేవాళ్ళు కాదు. ఇది మాట్లాడుకోవాల్సిన విషయమని ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

అది 1959. మా తాతయ్య వీరరాఘవయ్య పంచాయతీ ప్రెసిడెంటు. ఆ ఏడు ప్రభుత్వం వాళ్ళు ఊళ్ళలో బాలవాడులు పెడతామన్నారు. మూడేళ్ళ నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్ని పొద్దున్నించి మధ్యాహ్నం దాకా ఒకచోట కూర్చోబెట్టి, అక్షరాలు కాదు, ఇంట్లో రోజూ చేసుకోవాల్సిన పనులు నేర్పుతారట. పళ్ళు తోముకోవడం, స్నానం, బట్టలు కట్టుకోవడం, కింద పోసుకోకుండా అన్నం తినడం. తాతయ్యకి ఈ సంగతి తెగ నచ్చింది. దానికి ముఖ్య కారణం పక్క ఊరికి ఇంకా బాలవాడి రాకపోవడం. మా పాత జొన్నల కొట్టు ఖాళీ చేయించి, సున్నం కొట్టించి, కిటికీకి కొత్త ఊచలు వేయించాడు.

టీచరు దగ్గర వచ్చింది పేచీ. ఎనిమిదో తరగతి పాసైన ఆడమనిషి కావాలి, అదే ఊరి మనిషి అయ్యుండాలి అని రూలు. గ్రామసేవిక దేవమణిగారు ఇల్లిల్లూ తిరిగి వాకబు చేస్తే, ఊరూ పల్లే కలిపి ఎనిమిది పాసైన ఆడది ఒక్కతే తేలింది. ఆమే లూర్దమ్మ. జగ్గయ్యపేటలో మిషను హాస్టల్లో ఉండి చదువుకుంది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, ముప్ఫై ఏళ్ళుంటాయి. మా మిరప చేలో కాయ కోస్తూ ఉండేది. పల్లె మనిషి.

మా నాయనమ్మ రాఘవమ్మ ఈ మాట విని ముక్కున వేలేసుకుంది. "ఇదేం చోద్యమమ్మా! మన పిల్లల్ని అది ఎత్తుకుంటుందా? దాని చేత్తో మంచినీళ్ళు పోస్తుందా?" అని ఇల్లు ఎగరగొట్టింది. తాతయ్యకి అటు బడి పోకూడదు, ఇటు భార్య చేత మాట పడకూడదు. మూడు రోజులు గడ్డం గోక్కుని, చివరికి ఒక పొద్దున లూర్దమ్మని పిలిపించాడు. ఆమె వాకిట్లో నిలబడింది. పక్కన దేవమణిగారు నిలబడ్డారు. నాయనమ్మ అరుగు మీద కూర్చుని షరతులు చెప్పింది.

"చూడవే లూర్దమ్మా. పిల్లల్ని పంపుతాం, కాదన్ను. వాళ్ళని మాత్రం నువ్వు ముట్టుకోకూడదు. మంచినీళ్ళ కుండ ముట్టుకోకూడదు. వాళ్ళ చాపలు, చెంబులు, దువ్వెనలు ఏవీ ముట్టుకోకూడదు. ముట్టుకున్నావని తెలిసిందా, ఆ పూటతో బడి ఆఖరు."

"అట్టాగేనండి అమ్మగారూ," అంది లూర్దమ్మ.

"ముట్టుకోకుండా మూడేళ్ళ పిల్లలకి మొహం కడగడం ఎలా నేర్పుతుందండీ?" అని దేవమణిగారు అడిగారు.

"దానికి నోరుందిగా," అంది నాయనమ్మ.

అలా మొదలైంది బడి. పద్నాలుగు మంది పిల్లలం. కొట్టు మధ్యలో సుద్దతో ఒక గీత గీశారు. గీతకి ఇవతల మా చాపలు, మా చెంబులు. అవతల గుమ్మం పక్కన లూర్దమ్మ. ఆమెకి ఒక పీట, ఒక చెంబు, ఒక దువ్వెన, ఒక పాత గుడ్డ. అన్నీ ఆమె తెచ్చుకున్నవే.

మొదటి పది రోజులూ గోలే గోల. నీళ్ళు ఒలికేవి, చెంబులు దొర్లేవి, ఒకడు నిక్కరు విప్పుకోలేక అందులోనే పోసేవాడు. ఇంకొకరైతే లేచి నాలుగు తగిలించేవాళ్ళు. లూర్దమ్మ పీట మీంచి లేవకుండా, గొంతు పెంచకుండా, చెప్పిందే చెప్పేది. చెబుతూ తన మొహం తను కడుక్కునేది. "కళ్ళు మూసుకోండి. దోసిట్లో నీళ్ళు పట్టండి. నుదురు. కళ్ళు. ముక్కు పక్కలు. గడ్డం కింద. గడ్డం కింద ఎవరు మర్చిపోయారు? బుల్లిబాబూ, నీ గడ్డం కింద నిన్నటి పప్పు ఇంకా ఉందిరా అయ్యా!" మేమంతా పకపకా నవ్వేవాళ్ళం. బుల్లిబాబు మా పెదనాన్న కొడుకు, నా ఈడు వాడే. వాడు సిగ్గుపడి గడ్డం కింద చర్మం ఊడేట్టు రుద్దుకునేవాడు.

ముడి నేర్పడానికి కిటికీ ఊచకి పాత చీర పేలిక కట్టింది. అవతలి ఊచకి ఆమె వేసి చూపించేది, ఇవతలి ఊచలకి మేం వేసేవాళ్ళం. "ఇది ఒక చెవి. ఇది రెండో చెవి. రెండూ కావిలించుకుంటాయి. ఇప్పుడు లాగు. ఊడిందా? మళ్ళీ." తల దువ్వడం దగ్గర ఒక తిరకాసు వచ్చింది. ఆమె మాకు ఎదురుగా కూర్చుని తన కుడి పక్క దువ్వుకుంటే, ఆమెని చూసి మేం ఎడమ పక్క దువ్వుకునేవాళ్ళం. పాపిటలన్నీ తారుమారయ్యేవి. రెండు రోజులు చూసి, మూడో రోజు నుంచి మాకు వీపు తిప్పి కూర్చుని, జడ విప్పుకుని దువ్వుకోవడం మొదలుపెట్టింది. ఇక పాపిటలు తారుమారు కాలేదు. అయ్యాక ఇటు తిరిగి ఒక్కొక్కరి తలా దూరం నుంచి పరీక్షగా చూసేది. బాగుంటే "వంకర లేదు" అనేది. ఆమె మెచ్చుకోవడం అంతే. చాప తిన్నగా చుట్టినా "వంకర లేదు", చెంబులు వరసగా పెట్టినా "వంకర లేదు". ఆ మాట కోసం మేం ప్రాణం పెట్టేవాళ్ళం.

ఒకరోజు నేను చెంబు తట్టుకుని బోర్లా పడ్డాను. పెదవి చిట్లి రక్తం వచ్చింది. ఊరంతా వినబడేట్టు ఏడుపు అందుకున్నాను. లూర్దమ్మ గబుక్కున లేచి గీత దాకా వచ్చింది. రెండు చేతులూ ముందుకు చాపింది. గీత దగ్గర ఆగిపోయింది. చేతులు వెనక్కి తీసుకుని పైట కింద పెట్టుకుంది. అక్కడే చతికిలబడి అంది: "బేబమ్మా, ఇటు చూడు. నన్ను చూడు. నీ చెయ్యి నీ తల మీద పెట్టుకో. ఆఁ. ఇప్పుడు నిమురు. మెడ దాకా నిమురు. మళ్ళీ పైన పెట్టు. నేనే నిమురుతున్నా అనుకో తల్లీ." నేను అలాగే చేశాను. ఆమె గొంతు వింటూ నిమురుకుంటూ ఉంటే కాసేపటికి ఏడుపు ఆగింది. ఆ రోజు నుంచి అది కూడా మా పాఠాల్లో చేరిపోయింది. ఎవరు ఏడ్చినా వాళ్ళ తల వాళ్ళే నిమురుకోవాలి.

ఇళ్ళల్లో తల్లులు నోరెళ్ళబెట్టారు. బుల్లిబాబుకి నాయనమ్మ అప్పటిదాకా అన్నం నోట్లో పెట్టి, మూతి కడిగి, అన్నీ తనే చేసేది. వాడొకరోజు ఆవిడ చెయ్యి తోసేసి, "నే కడుక్కుంటా, నువ్వు పో" అన్నాడట. నాయనమ్మ బావి దగ్గర అందరికీ చెప్పుకుంది, "మా బుల్లిబాబు వాడి ముడ్డి వాడే కడుక్కుంటున్నాడమ్మా, మహారాజు!" అని. ఈ విద్య ఎవరు నేర్పారని ఎవరూ అడగలేదు. అడిగితే మాత్రం ఆవిడ చెప్పేనా?

తర్వాతి సంగతులు కొన్ని నేను చూసినవి, కొన్ని పెద్దయ్యాక దేవమణిగారు చెప్పినవి. లూర్దమ్మకి ఒకటే కోరిక ఉండేది. పల్లెలో కూడా ఒక బాలవాడి పెట్టించాలి, తనని అక్కడికి వెయ్యాలి. దేవమణిగారు కనబడినప్పుడల్లా అదే మాట. "ఇక్కడి పిల్లలు ముద్దుగానే ఉన్నారండి. కానీ పొద్దస్తమానం నా చేతులు నాకే బరువవుతున్నాయండి. మా పల్లెలోనైతే ఏ పిల్లనైనా దగ్గరికి లాక్కోవచ్చు" అనేదట. పల్లెలో బడి రావాలంటే మా బడికి మంచి పేరు రావాలి, ఆ పైన మా తాతయ్య సంతకం కావాలి.

మంచి పేరు తెచ్చే మనిషి 1960లో సంక్రాంతి వెళ్ళాక వచ్చింది. దుర్గాంబగారని పెద్ద ఆఫీసరు. కళ్ళజోడు, చేతిసంచి, జీపు. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పద్నాలుగు మంది పసిపిల్లలు వాళ్ళంతట వాళ్ళే మొహాలు కడుక్కుని, దువ్వుకుని, నీళ్ళు ముంచుకుని తాగి, చాపలు చుట్టి పెడుతున్నారు. టీచరు వేలు కూడా కదపడం లేదు. మధ్యలో ఒక పిల్లాడు తల గుమ్మానికి కొట్టుకుని ఏడ్చాడు. వాడు తన చెయ్యి తన తల మీద పెట్టుకుని నిమురుకుని, ఏడుపు మానేసి, మళ్ళీ వచ్చి వరసలో కూర్చున్నాడు. దుర్గాంబగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"అద్భుతమండీ ప్రెసిడెంటుగారూ!" అన్నారు తాతయ్యతో. "టీచరు పిల్లల మీద చెయ్యి వెయ్యకూడదు, పిల్లలు తమంతట తామే నేర్చుకోవాలి అని విదేశాల్లో చదువుకున్నవాళ్ళు ఇప్పుడిప్పుడే చెబుతున్నారు. మీ ఊళ్ళో ఈమె సొంతంగా కనిపెట్టింది!"

"మా ఊరి గాలే అంతండి," అన్నాడు తాతయ్య మీసం దువ్వుకుంటూ. తలుపు చాటున నాయనమ్మ ముసిముసిగా నవ్వింది. దేవమణిగారు సంచిలో ఏదో వెతుక్కున్నారు. లూర్దమ్మ కాక నిజం తెలిసిన ముగ్గురూ అక్కడే ఉన్నారు, ముగ్గురూ నోరు విప్పలేదు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

దుర్గాంబగారు లూర్దమ్మని పిలిచి, "నీకేం కావాలో అడుగమ్మా" అన్నారు. లూర్దమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "మా పల్లెలో బడి పెట్టించండమ్మా, నన్ను అక్కడికి వెయ్యండి" అంది.

"ఓస్, అంతేనా! వచ్చే నెల జగ్గయ్యపేటలో టీచర్లకి శిక్షణ ఉంది. ముప్ఫై మంది వస్తారు. వాళ్ళ ముందు నీ పద్ధతి చేసి చూపించు. ప్రెసిడెంటుగారు కూడా వస్తారు, అక్కడే సంతకం పెట్టించి ఆర్డరు చేతికిస్తా." జీపు ఎక్కబోతూ ఆగి ఇంకో మాట కూడా అన్నారు. "ఇక నుంచి కొత్తగా పెట్టే ప్రతి బడిలో నీ పద్ధతే రూలు. టీచరు పిల్లల్ని ముట్టుకోకూడదు. మీ పల్లెలోనూ అంతే. నేనే స్వయంగా వచ్చి చూస్తా."

ఆ సాయంత్రం వాగు దాకా దేవమణిగారు లూర్దమ్మతో నడిచారు. వాగు దగ్గర లూర్దమ్మ ఆగిపోయిందట.

"అదేందండీ! మా పిల్లలకి నెత్తి నిండా పేలు, కళ్ళ నిండా పుసి. తల్లులు చీకటితో లేచి ఊరోళ్ళ చేలకి పోతారు. ఆ పిల్లలకి నోటితో చెబితే ఏం సరిపోద్దండీ? ఒక్కొక్కణ్ణీ కాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని తోమాలి. నేను ఆ బడి అడిగిందే అందుకు. అక్కడ కూడా చేతులు ముడుచుకు కూర్చోమంటే ఎట్టాగండీ?"

"ఇప్పుడేం మాట్లాడకు లూర్దమ్మా. ముందు ఆర్డరు రానీ. తర్వాత నువ్వేం చేస్తే ఎవరు చూడొచ్చారు?"

"ఆయమ్మే వచ్చి చూస్తానందిగా," అని లూర్దమ్మ వాగు దాటి వెళ్ళిపోయింది.

జగ్గయ్యపేటకి నన్నూ, బుల్లిబాబునీ తీసుకెళ్ళారు, నేర్చుకున్న పిల్లలు కావాలి కాబట్టి. నందిగామలో బస్సు మారాం. తాతయ్య ముందు సీట్లో, మేం ఆయన పక్కన, లూర్దమ్మా దేవమణిగారూ వెనక సీట్లో. శిక్షణ ఒక సత్రంలో. పెద్ద హాలు, బారున జంపఖానాలు, వాటి మీద ముప్ఫై మంది ఆడవాళ్ళు. ముందు వరసలో తాతయ్యకి కుర్చీ. ఆయన ఇస్త్రీ పంచె కట్టి, కండువా వేసుకుని పెళ్ళి పెద్దలాగా కూర్చున్నాడు. దుర్గాంబగారి బల్ల మీద ఆర్డరు కాయితం కనబడుతూనే ఉంది, దాని మీద పేపరువెయిటు కూడా.

మేమిద్దరం మొహాలు కడుక్కున్నాం, చాపలు చుట్టాం, ముడులు వేశాం. చప్పట్లు కొట్టారు. బుల్లిబాబు గడ్డం కింద రెండుసార్లు కడుక్కున్నాడు. దుర్గాంబగారు లేచి, "వీళ్ళు నేర్చుకున్న పిల్లలు. ఏమీ తెలియని పిల్లకి ఎలా మొదలుపెడతావో ఇప్పుడు చూపించమ్మా" అన్నారు.

ఆవిడ జీపు డ్రైవరు బుడే సాహెబ్ది ఆ ఊరే. ఇల్లు సత్రం వెనక వీధిలోనే. మూడేళ్ళ కూతురు జహనారాని చంకనేసుకుని గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఆ పిల్ల నిద్ర లేచింది లేచినట్టు నాన్న దగ్గరికి పరిగెత్తుకొచ్చినట్టుంది, జుట్టంతా చిక్కులు. "ఆ పాపని ఇలా తీసుకురా" అన్నారు దుర్గాంబగారు. బుడే సాహెబ్ తెచ్చి కూతుర్ని లూర్దమ్మకి ఎదురుగా కూర్చోబెట్టి, ఎవరో ఇచ్చిన దువ్వెన దాని ముందు పెట్టి, పక్కకి తప్పుకున్నాడు.

లూర్దమ్మ ఎప్పటిలాగే మొదలుపెట్టింది. "పాపా, దువ్వెన తీసుకో. నేను ఎట్టా చేస్తే నువ్వట్టా చెయ్యాలి." జహనారా దువ్వెన తీసుకుంది. చుట్టూ చూసింది. అందరూ కొత్త మొహాలు. మూతి వంకర్లు పోయి, ఏడుపు మొదలైంది.

"నీ చెయ్యి నీ తల మీద పెట్టుకో తల్లీ," అంది లూర్దమ్మ.

పిల్ల పెట్టుకోలేదు. లేచి నిలబడింది. ఏడుస్తూనే నాలుగడుగులు వేసి లూర్దమ్మ దగ్గరికి వచ్చి, వీపు తిప్పి, ఆమె ఒళ్ళో కూలబడింది. దువ్వెన భుజం మీదుగా వెనక్కి అందించింది. ఇంట్లో అమ్మకి అలాగే ఇస్తుంది కాబోలు.

లూర్దమ్మ చేతులు రెండూ గాల్లోకి లేచాయి. పిల్లకి తగలకుండా అలాగే పైన ఉండిపోయాయి. ఆమె మా తాతయ్య వంక చూసింది. తర్వాత బల్ల మీది కాయితం వంక చూసింది. జహనారా ఇంకా దువ్వెన వెనక్కి పట్టుకునే ఉంది. "దువ్వూ," అంది విసుగ్గా. "నొప్పి పుట్టకుండా దువ్వాలి."

ఆ చేతులు కిందికి దిగడానికి చాలాసేపు పట్టింది. దిగాక ఆగలేదు. దువ్వెన తీసుకుని, కుదుళ్ళ దగ్గర జుట్టు ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, పిల్లకి లాగకుండా చివర్ల నుంచి ఒక్కొక్క చిక్కూ విడదీసింది. పాపిట తీసింది. రెండు జడలు వేసింది. తన పైట చెంగుతో ముక్కు తుడిచింది. తర్వాత అరచెయ్యి పిల్ల తల మీద పెట్టి, మెడ దాకా నిమిరింది, మళ్ళీ పైన పెట్టి మళ్ళీ నిమిరింది. నాకు చచ్చేంత కుళ్ళు పుట్టింది. ఆ నిమరడం నాది. ఇన్ని నెలలుగా నా చేత్తో నేను చేసుకుంటున్నది అదే. అది వేరే పిల్లకి ఆమె చేత్తో అందుతుంటే చూడలేకపోయాను.

"ఇదేమిటమ్మా లూర్దమ్మా?" అన్నారు దుర్గాంబగారు. "నీ పద్ధతి ఇది కాదుగా?"

"అది పద్ధతి కాదండి," అంది లూర్దమ్మ. పిల్ల ఒళ్ళోనే ఉంది. "నేను పల్లెదాన్నండి. పిల్లల్ని ముట్టుకుంటే బడి తీసేస్తామన్నారు. ముట్టుకోడానికి లేక నోటితో నేర్పానండి. వాళ్ళకి తలలు కూడా వాళ్ళ చేత్తోనే నిమురుకోవడం నేర్పా. అంతకంటే నాకు దారి లేకపోయింది. దాన్ని తీసుకెళ్ళి మా పల్లె పిల్లలకి రూలుగా పెట్టకండమ్మా. మీకు దణ్ణం పెడతా."

దుర్గాంబగారు పెన్ను మూత పెట్టేశారు. తాతయ్య పైకి దూలాల వంక చూశాడు, కండువా సర్దుకున్నాడు, "బస్సు వేళయింది" అని లేచి మా ఇద్దరి రెక్కలూ పట్టుకుని బయటికి నడిపించాడు. కాయితం బల్ల మీదే ఉండిపోయింది. లూర్దమ్మ మాతో ఆ బస్సు ఎక్కలేదు.

నాలుగో రోజున బడి మూసేశారు. కొట్లో జొన్నలు పోసుకోవాలి అన్నాడు తాతయ్య. వానాకాలం వచ్చేదాకా అందులో ఒక్క గింజ కూడా పోయలేదు. నాయనమ్మ నెల రోజులు ఒకటే సాధింపు. "అంతమందిలో మా పరువు గంగలో కలిపింది. అసలు దాన్ని మేమేమన్నామమ్మా? ముట్టుకోవద్దన్నాం, అంతేగా!" అని బావి దగ్గర కనబడిన ప్రతివాళ్ళనీ అడిగింది. అందరూ అవునవునన్నారు.

పల్లెకి ఆర్డరు రాలేదు. ముట్టుకోకూడదన్న రూలు కూడా ఏ బడికీ రాలేదు. లూర్దమ్మ మళ్ళీ మా చేలోకే వచ్చింది, మిరపకాయ కోతకి. దగ్గర దగ్గర రెండేళ్ళు కూలి చేసింది. పొద్దు గూకే వేళకి గట్టు మీద కూర్చుని మంటలెత్తే చేతులకి మజ్జిగ రాసుకుంటూ కనబడేది. నేను ఎదురుపడితే నా తల వంక చూసేది. పాపిట చూస్తోందని నాకు తెలుసు.

1962లో దేవమణిగారు పట్టు వదలకుండా తిరిగి తిరిగి పల్లెకి బాలవాడి సాధించారు. చర్చి వసారాలో పెట్టారు. టీచరు లూర్దమ్మే. తాతయ్య కిక్కురుమనకుండా సంతకం పెట్టాడు. పల్లెలో ఎవరు ఎవర్ని ముట్టుకుంటే ఆయనకేం? నాకు తెలిసి 1969 దాకా ఆమె అక్కడే పని చేసింది. ఆ తర్వాత పెళ్ళయి నేను ఆ ఊరు వదిలేశాను.

ఆ బడి పెట్టిన కొత్తలో, నాకు ఏడేళ్ళప్పుడు, ఒక శనివారం ఇంట్లో చెప్పకుండా వాగు దాటి వెళ్ళాను. దారిలో జడ విప్పేసుకుని, రెండు చేతులతో జుట్టంతా కావాలని చిక్కులు చేసుకున్నాను. దువ్వెన లంగా బొందులో దోపుకున్నాను. లూర్దమ్మ వసారా మెట్టు మీద కూర్చుని ఉంది. మోకాళ్ళ మధ్య ఒక పిల్ల, పక్కన నూనె గిన్నె, పేల దువ్వెన. వెనక వరసగా ఏడెనిమిది మంది. ఆమె ఒకళ్ళకి దువ్వుతుంది, చెవులు తుడుస్తుంది, వీపు మీద ఒక్కటి తట్టి పంపిస్తుంది, తర్వాత పిల్లని లాక్కుంటుంది. నోరు ఊరికే ఉండటం లేదు, చేతులూ ఊరికే ఉండటం లేదు. నేను వరస చివర కూర్చున్నాను. పిల్లలు నన్ను వింతగా చూశారు.

నా వంతు వచ్చింది. లూర్దమ్మ నన్ను చూసి మొదట నవ్వింది, తర్వాత వాగు వైపు చూసింది.

"బేబమ్మా! ఎవరు పంపించారు?"

"ఎవరూ పంపలేదు."

"నాయనమ్మగారికి తెలుసా?"

"తెలీదు," అని, వీపు తిప్పి కింద మెట్టు మీద కూర్చుని, దువ్వెన భుజం మీదుగా వెనక్కి అందించాను. జహనారా చేసినట్టే. ఎంతసేపటికీ వెనక నుంచి ఏ చెయ్యీ రాలేదు. నా చెయ్యి నొప్పి పుట్టింది.

"నీకు వచ్చుగా తల్లీ," అంది లూర్దమ్మ మెల్లగా.

"రాదు. మర్చిపోయా."

"అబద్ధం. నేనేగా నేర్పింది." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "చూడు బేబమ్మా. నీ తలకి నా చేతి నూనె అంటితే ఇంటికెళ్ళగానే తెలిసిపోద్ది. నీకేం, తలంటి పోస్తారు. ఈ బడికి మాత్రం ఆ జొన్నల కొట్టు బడికి పట్టిన గతే పడుద్ది. వీళ్ళు ఎక్కడికి పోతారు?"

నేను దువ్వెన ముందుకు తెచ్చుకున్నాను. అక్కడే మెట్టు మీద కూర్చుని, నేను చేసుకున్న చిక్కులన్నీ నేనే తీసుకున్నాను, చివర్ల నుంచి. అద్దం లేకుండా పాపిట తీసుకున్నాను. జడ వేసుకుని ఆమె వైపు తిరిగాను. ఆమె తల కొంచెం పక్కకి వంచి, అప్పట్లోలాగే పరీక్షగా చూసింది.

"వంకర లేదు," అని, వరసలో తర్వాత పిల్లని మోకాళ్ళ మధ్యకి లాక్కుంది.

వాగు దాటుతుంటే ఏడుపొచ్చింది. అటూ ఇటూ ఎవరూ లేరు. చెయ్యి తల మీద పెట్టుకుని, మెడ దాకా నిమురుకుంటూ ఇంటికి నడిచాను.